మన బిడ్డ రికార్డు మనకే చూపరా?

వేమగల్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ‘మంజునాథ్’ అని పిలుచుకునే పిల్లవాడు బడి రిజిస్టరులో ‘మంజునాథ’ అవుతాడు. కన్నడంలో రాసే తీరు అది, తప్పేమీ కాదు. దాన్ని ఇంగ్లిషులోకి మార్చేటప్పుడు మాత్రం చివర ఒక ‘ఎ’ వచ్చి చేరుతుంది. ఆధార్‌లో ఆ ‘ఎ’ ఉండకపోవచ్చు. నాడకచేరిలో తీసుకున్న కుల, ఆదాయ పత్రాల్లో ఇంకోలా ఉండొచ్చు. చిన్న తరగతుల్లో దీన్నెవరూ పట్టించుకోరు. అపార్ ఐడీ చేయించేటప్పుడో, స్కాలర్‌షిప్పు దరఖాస్తు తిరిగొచ్చినప్పుడో బయటపడుతుంది. ఎస్సెస్సెల్సీ మార్కుల కార్డు మీద అచ్చయ్యాక తెలిస్తే దిద్దించుకోవడం మరీ కష్టం.

పేరుకంటే మేము ఎక్కువ బెంగపడేది మాతృభాష గడి గురించి. చేర్పించే రోజు హడావిడిలో అక్కడ ‘కన్నడ’ అని పడిపోతే, రేపు భాషా మైనారిటీలమని చెప్పుకోవాల్సిన చోట మన బడి కాగితమే మనకు అడ్డం తిరుగుతుంది. తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క తేలేదీ ఆ గడితోనే.

ఈ వివరాలు బడి అడ్మిషన్ రిజిస్టరులో, రాష్ట్ర విద్యాశాఖ నడిపే స్యాట్స్‌లో, కేంద్రం నడిపే యూడైస్ ప్లస్‌లో ఉంటాయి. ముందు హెడ్‌మాస్టరును అడగండి. నోటిమాటతో అయ్యే పనికి అర్జీ అక్కర్లేదు. అక్కడ కాకపోతేనే 2005 నాటి సమాచార హక్కు చట్టం. ప్రైవేటు బడి అయినా, చట్టప్రకారం బీఈఓ ఆఫీసు తెప్పించుకోగల వివరాలను ఆ ఆఫీసు ద్వారా అడగొచ్చు.

దరఖాస్తు ఏ భాషలో? ఇంగ్లిషు, హిందీ, లేదా ఆ ప్రాంత అధికార భాషలో అని చట్టం. అంటే ఇక్కడ కన్నడం. రాజ్యాంగం 350వ అధికరణం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు ఇచ్చుకోవచ్చంటుంది. కాబట్టి ఫిర్యాదు తెలుగులో రాసినా, సమాచార దరఖాస్తు మాత్రం కన్నడంలో రాయించుకోవడం మేలు. రాయలేనివారు నోటితో చెబితే రాతలో పెట్టడానికి సాయపడే బాధ్యత సమాచార అధికారిదే. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు మించకూడదు. రుసుము 10 రూపాయలు, బీపీఎల్ కుటుంబాలకు అదీ లేదు.

‘మా అబ్బాయి పేరు ఎందుకు తప్పు రాశారు?’ అని అడిగితే ఉపయోగం లేదు. ఈ చట్టం కింద వచ్చేది ఆఫీసులో ఉన్న కాగితమే, సంజాయిషీ కాదు. ‘ఫలానా తరగతి, ఫలానా స్యాట్స్ నంబరు గల మా అబ్బాయి అడ్మిషన్ రిజిస్టరు పేజీ నకలు, స్యాట్స్‌లో పేరు, పుట్టిన తేదీ, మాతృభాష వివరాల ప్రింటు ఇప్పించండి’ అని రాయండి. పిల్లవాడి జనన ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు నకలు జతచేయండి. మీరెవరో ఆఫీసు అడిగితే విసుక్కోవద్దు. ఎవరు పడితే వారు వచ్చి మన పిల్లల వివరాలు పట్టుకుపోకూడదు కదా!

చిక్కంతా ‘వైయక్తిక మాహితి, ఇవ్వడం కుదరదు’ అన్న జవాబుతో. 2025 నవంబరులో కొత్త డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) మారింది. ఇదివరకు ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత వివరాలైనా ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, మినహాయింపే. (ప్రజా ప్రయోజనం మాట 8(2)లో ఇంకా ఉంది.) ఈ మార్పును అడ్డుపెట్టి ఒకరి వివరాలు ఇంకొకరికి ఇవ్వకపోతే అర్థం చేసుకోవచ్చు. ఎవరి వివరాలు వారికే ఇవ్వకపోవడం మాత్రం గోప్యత కాదు. పరీక్ష రాసిన విద్యార్థికే అతని జవాబు పత్రం చూపనంటే చెల్లదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో చెప్పింది. అదే తర్కం అడ్మిషన్ రిజిస్టరుకూ వర్తిస్తుందని మేమంటాం. కొత్త చట్టం కూడా మైనరు విషయంలో తల్లిదండ్రులను డేటా హక్కుదారులుగానే చూస్తుంది. అయితే ఆ చట్టం కింద తన డేటాను చూసుకునే హక్కు 2027 మేలో గానీ అమల్లోకి రాదు. అదీ ప్రధానంగా సమ్మతితో తీసుకున్న డేటాకే. అందుకని ప్రస్తుతానికి మనకు సమాచార హక్కే దారి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా, ఆ తర్వాత 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు కర్ణాటక సమాచార కమిషనుకు. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు డబ్బు కట్టక్కర్లేదు.

నకలు చేతికొచ్చినంత మాత్రాన తప్పు దిద్దుకోదు. సవరణకు వేరే అర్జీ, వేరే ఆధారాలు. తొమ్మిదో తరగతి పిల్లలున్నవారు ఈ పని జూన్‌లోనే మొదలుపెట్టండి. టీచర్లు మొదటి తల్లిదండ్రుల సమావేశంలోనే స్యాట్స్ ప్రింటు చేతికిచ్చి, మాతృభాష గడి చదివి వినిపించి సంతకం తీసుకుంటే, చాలామందికి ఈ దరఖాస్తు అవసరమే రాదు.