చూడా? ఖాళీయా? ఇరవయ్యో రోజునే రక్తం చెబుతుందా?

సూది వేయించి అయిదు నెలలైంది. గేదె మళ్లీ ఎదకు వచ్చిన జాడ లేదు. చూడి నిలిచిందన్న ధీమాతో ఇంటిల్లిపాదీ ఉన్నారు. పొట్ట కూడా కాస్త దిగినట్టే అనిపించింది. ఎందుకైనా మంచిదని పశువైద్యశాలకు తోలుకెళితే, డాక్టరు చెయ్యిపెట్టి చూసి "ఖాళీ" అనేశాడు. ఏ మండలంలోనైనా పశువైద్యశాల ముందు నాలుగు రోజులు నిలబడితే ఇలాంటి గేదె ఒకటైనా కంటపడుతుంది.

ఎద 21 రోజులకోసారి వస్తుంది. సక్రమంగా తిరిగే గేదె అయితే ఈ 150 రోజుల్లో ఏడు ఎదలు వచ్చి పోయాయన్న మాట. ఒక్కటీ రైతు కంటపడలేదు. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. ఎండాకాలంలో మరీను. అరవదు, మీద ఎక్కదు, రాత్రి పూట వచ్చి తెల్లారేసరికి పోతుంది. ఈలోగా గడ్డీ తవుడూ మామూలుగానే పోయాలి, పాలు మాత్రం అడుగంటుతాయి. పది పశువులున్న వాడికి ఇది ఒక పశువు నష్టం. ఒక్క గేదె ఉన్న వాడికి ఏడాది పాడి పోయినట్టే.

ఆడవాళ్లకు మందుల షాపులో దొరికే పట్టీ లాంటిది పశువులకు ఎందుకు లేదని చాలామంది అడుగుతుంటారు. ఆ పట్టీ గుర్తుపట్టేది హెచ్‌సీజీ అనే హార్మోనును. గర్భం దాల్చిన స్త్రీ మూత్రంలో అది ఉంటుంది. ఆవు గానీ గేదె గానీ ఆ హార్మోనును తయారు చేయవు. కాబట్టి ఆ పట్టీని గేదె మూత్రంలో ముంచితే ఏమీ తెలియదు. డబ్బులు దండగ.

అయితే ఆవుకూ గేదెకూ గొర్రెకూ మేకకూ వేరే గుర్తు ఒకటుంది. అది హార్మోను కాదు. రక్తంలోని తెల్లకణాల్లో కొన్ని జన్యువులు ఉన్నట్టుండి చురుగ్గా మారడమే ఆ గుర్తు.

బీరువా ఒకటే, నకళ్లు వేరు

జన్యువు అనగానే కంగారు పడనక్కర్లేదు. ఇక్కడ పశువు జన్యువులను మార్చేదేమీ లేదు, చదవడమే. మండల ఆఫీసు బీరువాలో ఊళ్లన్నింటి కాగితాలూ ఉంటాయి. కానీ ఏ రోజున ఏ కాగితానికి ఎన్ని నకళ్లు తీశారో చూస్తే ఆ రోజు ఆఫీసులో ఏ పని నడుస్తోందో తెలిసిపోతుంది. పశువు ఒంట్లోనూ అంతే. దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. అవసరాన్ని బట్టి కొన్నింటికే నకళ్లు తయారవుతాయి. ఆ నకలు పేరే ఆర్‌ఎన్‌ఏ. దాన్ని లెక్కపెట్టే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష ఇదే. అప్పుడు వైరస్ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతికారు, ఇక్కడ పశువు సొంత ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలుస్తారు.

పిండం పంపే కబురు

ఖాళీగా ఉన్న పశువులో ఎద అయిన 16, 17 రోజుల ప్రాంతంలో గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని దెబ్బకు అండాశయం మీద గర్భాన్ని నిలబెట్టే కాయ కరిగిపోతుంది. నాలుగైదు రోజుల్లో మళ్లీ ఎద. కడుపులో పిండం ఉంటే దీన్ని ఆపాలి. లేకపోతే పిండానికే చేటు. అందుకని ఆ రోజుల్లో దారంలా సాగి ఉండే ఆ పిండం "నేనున్నాను" అని తల్లికి ఒక కబురు పంపుతుంది. ఆ కబురే ఇంటర్‌ఫెరాన్-టౌ అనే ప్రోటీను.

అమెరికాలో ఫుల్లర్ బేజర్, మైకేల్ రాబర్ట్స్ బృందం గొర్రె పిండం వదిలే ఈ ప్రోటీనును వేరుచేసి 1982లో ప్రకటించింది. అది ఇంటర్‌ఫెరాన్ జాతిదని 1987లో తేలినప్పుడు శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారు. ఎందుకంటే ఇంటర్‌ఫెరాన్ అనేది వైరస్ సోకినప్పుడు ఒళ్లు తయారు చేసుకునే రక్షణ పదార్థం. దాన్ని పిండం తన ఉనికి చాటుకోవడానికి వాడుకుంటోంది! ఈ పరిశోధనలకు ఆ ఇద్దరికీ 2002-03లో వ్యవసాయ రంగపు వుల్ఫ్ బహుమతి ఇచ్చారు.

ఈ కబురు గర్భసంచి దగ్గరే ఆగిపోదు. దాని ప్రభావం రక్తంలోని తెల్లకణాల దాకా పాకుతుంది. అవి వైరస్ వచ్చినప్పుడు పనిచేసే జన్యువులను మేలుకొలుపుతాయి. ఐఎస్‌జీ-15, ఎమ్‌ఎక్స్-1, ఎమ్‌ఎక్స్-2, ఓఏఎస్-1 అని వాటి పేర్లు. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. సూది వేయించిన 18 నుంచి 20 రోజుల మధ్య చూడి ఆవు రక్తంలో వీటి నకళ్లు పెరుగుతాయి, ఖాళీ ఆవులో పెరగవు. థామస్ హాన్సెన్ బృందం 2006లో ప్రచురించిన పాడి ఆవుల పరిశోధన సారాంశం కూడా ఇదే: ఐఎస్‌జీ-15 తక్కువగా ఉంటే ఆ ఆవు ఖాళీ అని పసిగట్టవచ్చు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఈ పరీక్ష బలం "చూడి" అని చెప్పడంలో కన్నా "ఖాళీ" అని చెప్పడంలో ఎక్కువ. మనకు కావలసిందీ అదే. ఖాళీ అని 20వ రోజున తెలిస్తే 21వ రోజు ఎదను కాపలా కాసి పట్టుకోవచ్చు.

మరి మన ఊరికి ఎందుకు రాలేదు?

చిక్కులు చిన్నవి కావు. మొదటిది, పశువుకు వైరస్ జ్వరం తగిలినా ఇవే జన్యువులు మేలుకుంటాయి. గాలికుంటు తిరుగుతున్న ఊళ్లో ఖాళీ గేదె కూడా చూడిలా కనిపించే ప్రమాదం ఉంది. రెండోది, 20వ రోజున బతికున్న పిండం ఆ తర్వాత చనిపోవచ్చు. అలా పోవడం పశువుల్లో అరుదేమీ కాదు. తొలి ఈత పశువుల్లో తేడా స్పష్టంగా, ముదురు ఆవుల్లో కాస్త మసకగా కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. పైగా వ్యవధి మూడు రోజులే. సూది వేయించిన తేదీ ఖాయంగా తెలియకపోతే రక్తం తీసి లాభం లేదు. ఆర్‌ఎన్‌ఏ ఇట్టే పాడైపోతుంది గనుక తీసిన రక్తాన్ని చల్లగా, మందు కలిపిన గొట్టంలో ప్రయోగశాలకు చేర్చాలి. యంత్రం కావాలి, తెలిసిన మనిషి కావాలి. అందుకే ఇది నేటికీ ఎక్కువగా పరిశోధకుల చేతిలోనే ఉంది. ఎవరైనా వచ్చి జన్యు పరీక్షతో గేదె చూడి చెబుతామని డబ్బు అడిగితే, ముందు మీ పశువైద్యుణ్ణి అడగండి.

దీని కన్నా ఆలస్యంగా పనిచేసేవి కొన్ని ఉన్నాయి. మాయ తయారుచేసే ప్రోటీన్లను రక్తంలో గానీ పాలలో గానీ గుర్తించే పరీక్షలు సుమారు 28 రోజుల నుంచి పనికొస్తాయి. విదేశాల్లో పెద్ద డెయిరీలు వాడుతున్నాయి. అల్ట్రాసౌండ్ ఉన్న చోట నెల దాటితే చూడవచ్చు. మన ఊళ్లో ఉన్నది చెయ్యిపెట్టి చూసే పరీక్ష. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. చెయ్యి తిరిగిన డాక్టరు 60 రోజులకు ఖాయంగా చెబుతారు. అయిదో నెల దాకా ఆగకుండా రెండో నెలకే చూపిస్తే నాలుగు ఎదలు చేతిలో మిగులుతాయి.

సూది వేయించిన తేదీని కొట్టం గోడ మీద బొగ్గుతోనైనా రాసిపెట్టండి. 18వ రోజు నుంచి 24వ రోజు దాకా తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి గేదె దగ్గర నిలబడండి. తీగలు వేస్తోందా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా, ఉన్నట్టుండి పాలు తగ్గాయా చూడండి. గేదె పడుకున్న చోట తీగ కనిపించినా చాలు. అయితే చూడి పశువుల్లోనూ కొన్ని ఎద లక్షణాలు చూపిస్తాయి. అనుమానం ఉంటే మళ్లీ సూది వేయించే ముందే పరీక్ష చేయించాలి.

ఇంకొక్క ప్రమాదం ఉంది. ఎదకు రాలేదని "ఎద సూది" వేయించమంటారు కొందరు. అందులో ప్రోస్టాగ్లాండిన్ రకం కూడా ఉంటుంది. పైన చెప్పుకున్నాం కదా, గర్భాన్ని నిలబెట్టే కాయను కరిగించేది అదే. చూడి గేదెకు పొరపాటున వేస్తే ఈసుకుపోతుంది. చూడి లేదని చెయ్యిపెట్టి చూడకుండా ఆ సూదికి ఒప్పుకోవద్దు.

సంతలో "నాలుగు నెలల చూడి" అని చెప్పి అమ్మే గేదెకు ఈ జన్యు పరీక్ష ఎలాగూ అక్కరకు రాదు, దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. బయానా ఇచ్చే ముందే పశువైద్యుడి చేత పరీక్ష చేయించండి. చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే తాడు వదిలేసి పక్క గేదె దగ్గరికి నడవండి.