‘ఇంకొక్కటి ఎక్కించన్నా’ అనే ముందు.. లెక్క చూశారా?

పికప్ బండికి ఎంత బరువు ఎక్కించవచ్చో చెప్పగలగడం కూడా ఒక ఉద్యోగ నైపుణ్యమే!

ఫిల్మ్‌నగర్‌లో మీ మొదటి కొలువు ఏదైనా కావచ్చు. ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర సహాయకుడు, ఆర్ట్ విభాగంలో అసిస్టెంట్, ఈవెంట్ కంపెనీలో కోఆర్డినేటర్.. హోదా పేరు ఎలా ఉన్నా, చేరిన కొద్ది రోజుల్లోనే ఒక పని మీ మీద పడుతుంది. సామాను బండికెక్కించి సమయానికి లొకేషన్‌కు చేర్చడం. షేక్‌పేట గల్లీలో పికప్ ఆగి ఉంటుంది. పక్కన బండికి మించిన సామాను ఉంటుంది. ఫోన్‌లో ‘ఎంతసేపు?’ అన్న కేకలు వినిపిస్తుంటాయి. అప్పుడు నోటికి తేలిగ్గా వచ్చే మాట ఒకటే. ‘ఇంకొక్కటి ఎక్కించన్నా, ఏం కాదు!’

ఆ ‘ఇంకొక్కటి’ ఎన్ని కిలోలు? బండికి ఇంకా ఎన్ని కిలోల చోటుంది? ఈ రెండిటికీ జవాబు చెప్పగలిగితే మీరు పనిమంతులు. చెప్పలేకపోతే డ్రైవర్ ప్రాణాన్నీ, రోడ్డు మీద వెళ్లేవాళ్ల ప్రాణాలనూ పణంగా పెడుతున్నట్టే. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. కూడిక, తీసివేత వస్తే చాలు.

కంటికి కనిపించేది బరువు కాదు

సినిమా సామానుతో వచ్చే చిక్కే ఇది. సెట్‌లో కొండంత బండరాయి ఉంటుంది. అది థర్మోకోల్‌ది అయితే ఇద్దరు కుర్రాళ్లు ఎత్తి పక్కన పెట్టేస్తారు. అదే వాన సీను కోసం తెచ్చిన నీళ్ల డ్రమ్ములు నాలుగు ఓ మూలన బుద్ధిగా కూర్చుంటాయి. వాటిని కదపాలంటే నలుగురు కావాలి. థర్మోకోల్‌తో బండి నిండినా బరువు అంతంతమాత్రం. నీళ్లు, ఇసుక, జిబ్‌కు వేసే ఇనుప దిమ్మలు ఎక్కిస్తే మాత్రం తొట్టి సగం ఖాళీగా ఉండగానే బండి పరిమితి దాటిపోతుంది. ‘ఇంకా జాగా ఉందిగా’ అన్న మాట అందుకే ప్రమాదకరం. బండికి జాగా లెక్క వేరు, బరువు లెక్క వేరు.

కొన్ని బరువులు నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి. 
- లీటరు నీరు కిలో బరువు. 1,000 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే టన్ను. 
- సిమెంటు బస్తా 50 కిలోలు. 20 బస్తాలైతే టన్ను. 
- ఘనమీటరు పొడి ఇసుక సుమారు 1,600 కిలోలు. తడిస్తే ఇంకా పెరుగుతుంది. 
- ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ షీటు సుమారు 35 కిలోలు. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

వానలో తడిసిన చెక్క సామాను, గుడ్డ తెరలు నిన్నటి కన్నా ఈరోజు ఎక్కువ తూగుతాయన్నదీ మరవద్దు.

ఆర్‌సీలో రెండు అంకెలు

బండి ఎంత మోయగలదో తెలుసుకోవడానికి డ్రైవర్ అనుభవం మీదో, బ్రోచర్ మీదో ఆధారపడకండి. ఆర్‌సీ అడగండి. అందులో రెండు అంకెలు వెతకండి. ఒకటి, అన్‌లేడెన్ వెయిట్.. అంటే ఖాళీ బండి బరువు. రెండోది, గ్రాస్ వెహికల్ వెయిట్. ఇది బండి, సరుకు, మనుషులు అంతా కలిపి దాటకూడని మొత్తం బరువు. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వచ్చేది మోయగల బరువు. దీన్నే పేలోడ్ అంటారు.

2005లో టాటా ఏస్ వచ్చాక ముప్పావు టన్ను మోసే చిన్న ట్రక్కులు మన గల్లీల్లోకి వచ్చేశాయి. బొలెరో పికప్‌లలో 1.3 టన్నులు, 1.7 టన్నుల రకాలున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు బండ్ల మధ్య 400 కిలోల తేడా ఉండొచ్చన్నమాట. నిన్న మోసిన బండి కదా అని ఈరోజు వచ్చిన బండికీ అదే లోడు వేస్తే లెక్క తప్పుతుంది.

ఇక్కడే చాలామంది చూడని మెలిక ఒకటుంది. మోటారు వాహనాల చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఖాళీ బండి బరువులో డ్రైవరు, హెల్పరు బరువు కలవదు. కాబట్టి వాళ్ల బరువు పేలోడ్‌లోంచే పోతుంది. తరవాత కట్టించిన ఇనుప ఫ్రేము, తాడిపత్రి, తాళ్లు, టూల్‌బాక్సు కూడా అంతే.

ఒక ట్రిప్పు లెక్క

మీరు వాన సీను సామాను పంపాలి. ఫిల్మ్‌నగర్ నుంచి నగరానికి ఆ చివర విజయవాడ హైవే మీదున్న రామోజీ ఫిల్మ్‌సిటీకి వెళ్లాలనుకుందాం. ఉదాహరణకు ఆర్‌సీలో మొత్తం బరువు 2,990, ఖాళీ బరువు 1,690 కిలోలు అని ఉందనుకోండి.

2,990 లోంచి 1,690 తీసేస్తే 1,300. డ్రైవరు, హెల్పరు ఇద్దరికీ 140 తీయండి. 1,160. ఫ్రేము, తాడిపత్రి, తాళ్లు, టూల్‌బాక్సుకు 80. మిగిలింది 1,080 కిలోలు. ఇదీ మీ చేతిలో ఉన్న అసలు అంకె.

ఇప్పుడు ఎక్కించండి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు నీళ్లతో మూడు. డ్రమ్ముతో కలిపి ఒక్కోటి 210 చొప్పున 630. మిగిలింది 450. పంపు, పైపులు, స్టాండ్లు 150. మిగిలింది 300. ప్లైవుడ్ షీట్లు ఎనిమిదైతే 280. ఇక 20 కిలోలే ఉన్నాయి. తొమ్మిదో షీటు పెడితే 15 కిలోలు దాటినట్టు. తొట్టిలో మాత్రం ఇంకా బోలెడు చోటు కనిపిస్తుంటుంది!

లెక్క తెలిసినవాళ్లకు ఇక్కడే దారి కూడా దొరుకుతుంది. నీళ్లు లొకేషన్‌లో దొరుకుతాయేమో ఒక్క ఫోన్ చేయండి. దొరికితే డ్రమ్ములు ఖాళీగా పంపొచ్చు. ఒక్కసారిగా 600 కిలోలు మిగులుతాయి. రెండో బండి కిరాయి కూడా మిగులుతుంది. ‘కుదరదు’ అనే కుర్రాడి కంటే ‘ఇలా అయితే కుదురుతుంది’ అనే కుర్రాడికి ఎక్కడైనా విలువ ఎక్కువ.

అనుమానం ఉంటే కాటా వేయించండి. బండిని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తూకం వేయిస్తే రెండు చీటీలు మీ చేతిలో ఉంటాయి. ఆ తరవాత వాదనకు తావుండదు.

ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నదీ..

మొత్తం బరువు సరిపోయినా, పెట్టే చోటు తప్పితే బండి మాట వినదు. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం మూడు మీటర్లనుకోండి. 300 కిలోల సామాను వెనుక ఇరుసుకు మీటరు వెనగ్గా పెట్టారు. అప్పుడు వెనుక ఇరుసు మీద పడేది 300 కాదు, 400 కిలోలు. ముందు ఇరుసు మీద 100 కిలోలు తగ్గిపోతాయి. పిల్లలాడే ఊగుడు బల్ల సూత్రమే ఇది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ తిప్పినా బండి సరిగ్గా తిరగదు. 

అందుకే బరువైనవి కింద, కేబిన్ వైపు, వెనుక ఇరుసుకు ముందుగా ఉండేలా చూడండి. కుడి ఎడమలు సమంగా సర్దండి. నీళ్ల ట్యాంకు పంపితే పూర్తిగా నింపి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ పంపండి. సగం నీళ్లున్న ట్యాంకు మలుపులో అటూ ఇటూ కొట్టుకుని బండిని లాగేస్తుంది.

టైర్ల మీద కూడా ఒక కన్నేయండి. సైజు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్ అంకె ఆ టైరు ఎంత మోయగలదో చెబుతుంది. ఉదాహరణకు 100 అని ఉంటే 800 కిలోలు, 91 అని ఉంటే 615 కిలోలు. తక్కువ గాలితో ఎక్కువ లోడు లాగితే టైరు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది.

కొండ దిగేటప్పుడు తెలుస్తుంది

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రోడ్లు రాళ్ల గుట్టల మీద వేసినవి. ఎక్కడం, దిగడం తప్పదు. ఎక్కేటప్పుడు ఓవర్‌లోడ్ బండి మూలుగుతుంది కాబట్టి ఎవరికైనా తెలుస్తుంది. దిగేటప్పుడు చప్పుడు ఉండదు. అసలు ముప్పు అక్కడే. 

బండిని ఆపాలంటే దాని వేగాన్నంతా బ్రేకులు వేడిగా మార్చాలి. మొత్తం బరువు 30 శాతం పెరిగితే ఆ వేడీ 30 శాతం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. వరసగా బ్రేకు తొక్కుతూ పల్లం దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. డ్రైవరు తక్కువ గేరులో, నెమ్మదిగా దిగాలి. న్యూట్రల్‌లో వదలకూడదు. ‘త్వరగా పోన్లే’ అని మీరు వెనుక నుంచి ఫోన్లు చేయకపోవడం కూడా భద్రతలో భాగమే!

కమాన్ పట్టీలు అదనంగా వేయించాం, బండి ఎంతైనా లాగుతుందని కొందరంటారు. పట్టీలు వేస్తే బండి కుంగడం తగ్గుతుందంతే. బ్రేకులు, ఇరుసు, టైర్లు పాతవే. ఆర్‌సీలో అంకె కూడా పాతదే.

చట్టం మిమ్మల్నీ చూస్తుంది

‘పట్టుబడితే డ్రైవరు చూసుకుంటాడు’ అనుకుంటే పొరపాటు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 194వ సెక్షన్ అధిక లోడుతో బండి నడిపినవారినే కాదు, నడిపించినవారినీ, నడపడానికి అనుమతించినవారినీ బాధ్యులను చేస్తుంది. 2019 సవరణ తరవాత చట్టంలో ఉన్న జరిమానా 20,000 రూపాయలు. అదనపు బరువుకు టన్నుకు మరో 2,000. ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా మనదే. దించేదాకా బండి కదలనివ్వరు. అక్కడికక్కడ రాజీ రుసుముతో తేల్చే కేసుల్లో ఆ మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 

థర్మోకోల్ తేలిక కదా అని తొట్టి పక్కలకు, వెనక్కు పొడుచుకొచ్చేలా కట్టినా విడిగా 20,000 జరిమానా ఉంది. తూకానికి బండి ఆపమంటే ఆపకపోతే 40,000. షూటింగ్‌కు వందలమంది ఎదురుచూస్తుండగా బండి రోడ్డు పక్కన ఆగిపోతే కలిగే నష్టం ముందు ఈ జరిమానాలు చిన్నవే. సరుకు బండి తొట్టిలో మనుషులను ఎక్కించే ఆలోచన మాత్రం అసలే వద్దు.

మీరే నడపాలనుకుంటే ఇదీ తెలుసుకోండి. రవాణా వాహనం నడపడానికి కనీసం 20 ఏళ్లు నిండాలి. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాలను లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. పికప్‌లు ఈ కోవలోకే వస్తాయి.

ఎక్కడెక్కడ పనికొస్తుంది?

ఈ లెక్క సినిమాలకే పరిమితం కాదు. ఈ-కామర్స్ గోదాములు, కొరియర్ హబ్‌లు, ప్యాకర్స్ అండ్ మూవర్స్, లైట్లు, సౌండ్ అద్దెకిచ్చే సంస్థలు, పెళ్లి డెకరేషన్ కంపెనీలు.. సరుకు కదిలే ప్రతి చోటా డిస్పాచ్ చూసేవారు కావాలి. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు. ఇంటర్వ్యూలో ‘టన్నున్నర సరుకుంది, ముప్పావు టన్ను బండి ఉంది, ఏం చేస్తావ్?’ అంటే ‘రెండు ట్రిప్పులు’ అని ఊరుకోకండి. బండిలో మనుషులు, ఫ్రేము బరువు తీసేస్తే రెండు ట్రిప్పులు చాలవని, మూడో ట్రిప్పు లేదా పెద్ద బండి కావాలని కారణంతో చెప్పండి. తేడా అక్కడే తెలుస్తుంది.

మెకానికల్, ఆటోమొబైల్ విద్యార్థులకు ఇంకో దారి ఉంది. అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులను తెలంగాణలో టీజీపీఎస్సీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీఎస్సీ భర్తీ చేస్తాయి. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇరుసు బరువు, బ్రేకుల పనితీరు వంటివి ఆ చదువులో భాగమే.

వద్దని చెప్పడం ఎలా?

కొత్తగా చేరినవాళ్లకు పెద్దవాళ్ల ముందు ‘వద్దు’ అనడం కష్టమే. ‘భయంగా ఉంది సార్’ అంటే నవ్వేస్తారు. ‘సార్, బండికి 1,080 కిలోలు పడుతుంది, మన సామాను 1,400 ఉంది. డ్రమ్ములు ఖాళీగా పంపనా, ఇంకో బండి చెప్పనా?’ అంటే ఆలోచిస్తారు. అంకె ముందు హోదా కాస్త తగ్గుతుంది. డ్రైవరన్నకు కూడా మీ మాట అండగా ఉంటుంది. బరువు ఎక్కువైందని ఆయనకు ముందే తెలిసినా, కిరాయి పోతుందని చెప్పలేకపోవచ్చు.

ఈ వారం ఒక పని చేయండి. మీ వీధిలో ఆగిన ఏదైనా పికప్ డ్రైవర్‌ను పలకరించి, ఆర్‌సీలో ఆ రెండు అంకెలు చూపించమని అడగండి. తీసివేత చేయండి. తరవాత తొట్టిలో ఉన్న సరుకు ఎంతుంటుందో మీ అంచనా చెప్పి, ఆయన అంచనా అడగండి. నాలుగు బండ్లు అయ్యేసరికి మీ కన్ను తూకానికి అలవాటు పడుతుంది.