ఆగిన కౌంట్‌డౌన్

2005 జులై 13వ తేదీ మధ్యాహ్నం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, అట్లాంటిక్ తీరానికి చేరువగా ఉన్న టైటస్‌విల్ అనే చిన్న పట్టణంలో గట్టు పొడవునా జనం గుమిగూడి ఉన్నారు. వారి ఎదుట ఇండియన్ రివర్. పేరుకు నదియే గాని అది మన పులికాటు వంటి ఉప్పునీటి సరస్సు. ఆ నీటికి ఆవల, సుమారు 19 కిలోమీటర్ల దూరంలో, కెనడీ అంతరిక్ష కేంద్రపు ప్రయోగవేదిక మీద డిస్కవరీ అనే స్పేస్ షటిల్ నిలిచి ఉంది. సాయంత్రం 3 గంటల 51 నిమిషాలకు అది ఏడుగురు వ్యోమగాములతో పైకి లేవవలసి ఉంది. ఇంకా రెండు గంటలకు పైగా వ్యవధి ఉండగానే ఒక ప్రకటన వెలువడింది. ఈనాడు ప్రయోగం లేదు!

ఇటువంటి విరమణను అక్కడివారు ‘స్క్రబ్’ అంటారు. తొలిసారి వచ్చినవారికి అది పెద్ద నిరాశ. సెలవులు పెట్టుకొని, వందల మైళ్ళు ప్రయాణించి వచ్చినవారు వెనుదిరగవలసిందే. కాని వ్యోమయాత్రలను ఏళ్ళ తరబడి అనుసరిస్తున్న అభిమానుల తీరు వేరు. వారు ‘ఎందుకు ఆపారు?’ అని మాత్రమే అడుగుతారు. సమాధానం దొరికితే వారికి ఆ రోజు వ్యర్థమైనట్లు కాదు. మన ఊళ్ళలో క్రికెట్ అభిమాని ప్రతి బంతినీ లెక్కపెట్టినట్లే, వీరు ప్రయోగానికి ముందు జరిగే ప్రతి పనినీ టెలివిజన్‌లో, రేడియోలో గమనిస్తూ ఉంటారు. వ్యోమగాములకు, భూమి మీది కేంద్రానికి మధ్య సాగే సంభాషణలను ఔత్సాహిక రేడియో సంఘాలు తిరిగి ప్రసారం చేసేవి. ఆ మాటల అర్థం తెలిసినవారికి ప్రయోగం నాటి క్షణం కంటే దానికి ముందు గడిచే గంటలే ఉత్కంఠభరితమైనవి.

ఆ గంటలలో ఏమి జరుగుతుంది? కౌంట్‌డౌన్, అనగా అవరోహణ గణన, పది నుండి సున్న వరకు లెక్కించే తతంగమని సామాన్యంగా అందరూ భావిస్తారు. షటిల్ విషయంలో అది 43 గంటల వద్ద మొదలయ్యేది. చిత్రమేమంటే ఆ 43 గంటలు పూర్తి కావడానికి సుమారు మూడు రోజులు పట్టేది. కారణం, నిర్ణీత స్థానాలలో గడియారాన్ని కావాలనే నిలిపివేయడం. వీటిని ‘హోల్డ్’లు అంటారు. వెనుకబడిన పనులను పూర్తి చేసుకోవడానికి, తలెత్తిన సందేహాలను తీర్చుకోవడానికి అది ముందుగానే కేటాయించిన సమయం. గడియారం 9 నిమిషాలు చూపిస్తూ అరగంటకు పైగా కదలకపోతే కొత్తవారు కంగారుపడతారు. పాతవారు తెచ్చుకున్న తినుబండారాలు విప్పుతారు.

ఈ క్రమంలో అతి ప్రమాదకరమైన ఘట్టం ఇంధనం నింపడం. షటిల్‌కు అమర్చిన బాహ్యట్యాంకులో సుమారు 20 లక్షల లీటర్ల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ పట్టేవి. మొదటిది మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ వద్ద, రెండవది మైనస్ 183 డిగ్రీల వద్ద ద్రవరూపంలో ఉంటాయి. ఫ్లోరిడా వంటి తేమగల ప్రదేశంలో అంత చల్లని ట్యాంకు మీద మంచు పేరుకుంటుంది. దానిని నివారించడానికే ట్యాంకుకు నురుగువంటి తేలికైన పదార్థంతో దట్టమైన పూత పూసేవారు. ఇంధనం నిండిన తరువాత ఒక చిన్న బృందం ప్రయోగవేదిక వద్దకు వెళ్ళి, ఎక్కడైనా మంచు కట్టిందా, పూత బీటలు వారిందా అని కళ్ళతో పరీక్షించేది.

ఆ పూత పేరు వింటేనే 2005లో ఆ గట్టు మీద నిలిచినవారి మనసు బరువెక్కి ఉండాలి. 2003 జనవరి 16న కొలంబియా నౌక ఎగిరినప్పుడు ట్యాంకు నుండి ఊడిన నురుగుముక్క ఎడమ రెక్క అంచును ఢీకొట్టింది. ఫిబ్రవరి 1న తిరిగివచ్చే సమయంలో ఆ గాయం గుండా మహోష్ణవాయువులు లోనికి చొరబడి నౌక ఛిన్నాభిన్నమైంది. మన కర్నాల్ ఆడపడుచు కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ అసువులు బాశారు. ఆ తరువాత రెండున్నరేళ్ళకు ఎగరబోతున్న మొదటి షటిల్ డిస్కవరీ. దాని అధినేత ఐలీన్ కాలిన్స్.

అంతటి ప్రయోగాన్ని జులై 13న ఆపినది ఒక చిన్న పరికరం. హైడ్రోజన్ ట్యాంకు అడుగున నాలుగు సెన్సర్లు ఉండేవి. ఇంధనం అయిపోవస్తున్నదని అవి చెబితే కంప్యూటర్లు ఇంజన్లను క్షేమంగా ఆర్పుతాయి. చెప్పకపోతే, ఇంధనం లేకుండా తిరిగే ఇంజన్ పేలిపోయే ప్రమాదం ఉంది. నిండు ట్యాంకులో ఉన్న సెన్సర్లకు ‘ఇప్పుడు ఎండిపోయినట్లు చూపు’ అని కృత్రిమమైన ఆదేశం పంపి పరీక్షిస్తారు. ఆనాడు మూడు సెన్సర్లు ఆదేశాన్ని పాటించాయి. ఒకటి మాత్రం ‘తడిగానే ఉన్నాను’ అన్నది. మూడు పనిచేస్తున్నాయి కదా, పోనిద్దాం అనవచ్చు. కాని నాలుగూ పనిచేయాలన్నది నియమం. వ్యోమగాములు నౌకలోకి ప్రవేశిస్తున్న సమయంలోనే నిర్ణయం వెలువడింది. వారు దిగి వచ్చేశారు.

ఈ నిర్ణయం విలువ తెలియాలంటే 1986ను స్మరించుకోవాలి. ఆ ఏడాది జనవరిలో చాలెంజర్ ప్రయోగం పలుమార్లు వాయిదా పడింది. 28వ తేదీకి ముందు రాత్రి, ఘన ఇంధన రాకెట్లను తయారుచేసిన సంస్థకు చెందిన ఇంజనీర్లు అభ్యంతరం తెలిపారు. గడ్డకట్టే చలిలో కీళ్ళ వద్ద ఉండే రబ్బరు వలయాలు బిరుసెక్కుతాయని వారి భయం. వారి మాట చెల్లలేదు. ఎగిరిన 73 సెకన్లకు నౌక నాశనమైంది, ఏడుగురు మరణించారు. ఆ ఘన ఇంధన రాకెట్లు ఒకసారి అంటుకుంటే రెండు నిమిషాలపాటు మండవలసిందే, ఆర్పే వీలులేదు. ఆపగలిగిన శక్తి అంతా సున్నకు ముందే ఉంది. సున్న దాటిన తరువాత మనిషి చేతిలో మిగిలేది చాలా స్వల్పం.

ఒక్క సందేహం కలగవచ్చు. ఆ రోజు సాయంత్రమో, రాత్రో బాగుచేసి పంపవచ్చు కదా? వీలుపడదు. డిస్కవరీ చేరవలసిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఒక నిర్దిష్టమైన కక్ష్యాతలంలో తిరుగుతూ ఉంటుంది. భూభ్రమణం వల్ల ప్రయోగవేదిక ఆ తలం కిందికి వచ్చే కొద్ది నిమిషాలలోనే నౌక లేవాలి. పైగా భూమి నడుము వద్ద ఉబ్బెత్తుగా ఉండడంవల్ల ఆ కక్ష్యాతలం నెమ్మదిగా పడమరకు జరుగుతుంది. అందుచేత అనుకూల సమయం ప్రతిరోజూ కాస్త ముందుకు వస్తుంది. విద్యార్థులు స్వయంగా లెక్కించి చూడవచ్చు. జులై 13న నిర్ణయించిన సమయం మధ్యాహ్నం 3.51, చివరకు జులై 26న నౌక లేచిన సమయం ఉదయం 10.39. పదమూడు రోజులలో 312 నిమిషాల తేడా, అంటే రోజుకు 24 నిమిషాలు. అభిమానులు ఈ లెక్కను కాగితం ముక్క మీద వేసుకొని మరీ తమ ప్రయాణాలను మార్చుకునేవారు.

వాతావరణం సంగతి ఇంకా విచిత్రం. మధ్యలో ఇంజన్ చెడితే షటిల్ అట్లాంటిక్ దాటి ఐరోపాలో దిగవలసి రావచ్చు. కనుక ఫ్లోరిడాలో ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన చాలదు. స్పెయిన్‌లోని జరగోజా, మోరోన్ వంటి స్థావరాలలో ఒక్కచోటనైనా దిగడానికి అనువైన వాతావరణం ఉండాలి. టైటస్‌విల్ గట్టున ఎండలో కూర్చున్నవారు స్పెయిన్‌లో కురిసే వాన గురించి చర్చించుకోవడంలో వింత లేదు.

జులై 26 ఉదయం నాలుగు సెన్సర్లూ సక్రమంగా పనిచేశాయి. చివరి హోల్డ్‌లో ప్రయోగ సంచాలకుడు మైక్ లైన్‌బాక్ ఒక్కొక్క విభాగాన్ని అడిగారు. ‘గో’ అంటే సమ్మతి. ‘నో గో’ అని ఒక్కరు అన్నా గడియారం కదలదు. అందరూ సమ్మతించారు. రెండు నిమిషాలు మిగిలి ఉండగా వ్యోమగాములు శిరస్త్రాణాల ముఖకవచాలు మూసుకున్నారు. 31 సెకన్ల వద్ద పగ్గాలు నౌకలోని కంప్యూటర్ల చేతికి వెళ్ళాయి. సున్నకు ఆరున్నర సెకన్ల ముందు ప్రధాన ఇంజన్లు మండాయి. ఆ కొద్ది వ్యవధిలో కూడా, లోపం కనిపిస్తే కంప్యూటర్లు వాటిని ఆర్పివేయగలవు. సున్న వద్ద ఘన రాకెట్లు అంటుకున్నాయి. గట్టు మీదివారికి మొదట కనిపించింది నిశ్శబ్దమైన వెలుగు మాత్రమే. ధ్వని ఆ 19 కిలోమీటర్లు దాటి రావడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది.

కథ అంతటితో సుఖాంతం కాలేదు. ఆ ప్రయోగంలోనూ ట్యాంకు నుండి పెద్ద నురుగుముక్క ఊడింది. అదృష్టవశాత్తు నౌకకు తగలలేదు. డిస్కవరీ ఆగస్టు 9న క్షేమంగా దిగింది. కాని తదుపరి షటిల్ 2006 జులై 4 వరకు ఎగరలేదు. మొండికేసిన సెన్సర్ల అసలు రహస్యం మరికొంత కాలానికి గాని బయటపడలేదు. అదే జబ్బు 2007 డిసెంబరులో తిరగబెట్టినప్పుడు, లోపం సెన్సర్లలో కాక ట్యాంకు గోడ గుండా తీగలను కలిపే కనెక్టరులో ఉన్నదని ఇంజనీర్లు కనిపెట్టారు.

షటిళ్ళు 2011లో విశ్రమించాయి. నౌకలు మారినా నిరీక్షణ మారలేదు. 2021లో, హైదరాబాదు నుండి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన తండ్రికి జన్మించిన రాజా చారి అధినేతగా డ్రాగన్ నౌక అక్టోబరు 31న బయలుదేరవలసి ఉంది. ప్రయాణమార్గం కింద అట్లాంటిక్‌లో గాలులు, అలలు ఉధృతంగా ఉన్నాయని ఆపారు. ఆపదలో నౌక ఆ నీటిలోనే దిగవలసి వస్తుంది కనుక ఈ జాగ్రత్త. పిదప ఒక వ్యోమగామికి స్వల్ప అస్వస్థత, మళ్ళీ వాతావరణం. చివరకు నవంబరు 10 రాత్రి గాని వారు బయలుదేరలేదు.

మన శ్రీహరికోటలోనూ అటువంటి ఉదయం ఒకటి గడిచింది. 2023 అక్టోబరు 21న, గగన్‌యాన్ సన్నాహాలలో భాగంగా, వ్యోమగాములను ఆపద నుండి తప్పించే వ్యవస్థను మనుషులు లేకుండా పరీక్షించదలచారు. 8 గంటలకు జరగవలసిన ప్రయోగం వాతావరణం వల్ల 8.45కు వాయిదా పడింది. ఇంకా 5 సెకన్లు ఉండగా కంప్యూటర్ గడియారాన్ని నిలిపివేసింది. ఇంజన్ అనుకున్నట్లు మండలేదు. ప్రత్యక్ష ప్రసారం చూస్తున్నవారికి పొగలేని రాకెట్టు మాత్రమే తెర మీద మిగిలింది. శాస్త్రజ్ఞులు కారణం వెదికి సరిచేశారు. సరిగ్గా 10 గంటలకు రాకెట్టు లేచింది. తప్పించే వ్యవస్థ వ్యోమగాముల గదిని దాని నుండి వేరుచేసి లాగివేసింది. ఆ గది పారాచూట్ల మీద మెల్లగా బంగాళాఖాతంలో వాలింది.