గల్లాపెట్టె రోజుకో మూల!

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయిది కమీషన్ కొట్టు. ఏ రైతు ఎన్ని టిక్కీలు తెచ్చాడు, రేటెంత పడింది, ఎవరికెంత ఇవ్వాలి... లెక్కలన్నీ ఒక్క పాత కంప్యూటర్లోనే. అందులో ఉన్నది విండోస్ 7. సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు "ఇది మార్చెయ్ బాబాయ్" అన్నాను. "బాగానే నడుస్తోంది కదరా!" అన్నాడు.

అప్పుడు 2017 సంగతి గుర్తుచేశాను. ఆ ఏడాది మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళమేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ ఇస్తేనే తీస్తానంది. మన గుంటూరు, కృష్ణా, చిత్తూరు జిల్లాల్లో పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

అది దూరింది విండోస్ ఫైల్ షేరింగ్‌లోని ఒక లోపం గుండా. కానీ దూరితే సరిపోదు. తన కోడ్‌ను మెమరీలో ఎక్కడ పెట్టాలో, ఎక్కణ్నుంచి నడపాలో ముందే తెలియాలి. గల్లాపెట్టె ఎప్పుడూ ఒకే మూల ఉంటే, దొంగ చీకట్లో కూడా నేరుగా అక్కడికే పోతాడు. రోజుకో మూలకు జరిపితే? తడుముకుంటాడు, ఏదో ఒకటి తన్నేసి దొరికిపోతాడు.

కంప్యూటర్లో ఇదే పనిచేసేది ఏఎస్ఎల్ఆర్, అంటే అడ్రస్ స్పేస్ లేఅవుట్ రాండమైజేషన్. ప్రోగ్రామ్ భాగాల్ని మెమరీలో ఊహకందని చోట్ల పెడుతుంది. దొంగ కోడ్ తప్పు అడ్రస్‌కి వెళ్తే ఆ ప్రోగ్రామ్ క్రాష్ అవుతుందంతే. 2001లో పాక్స్ అనే లినక్స్ ప్రాజెక్టు దీన్ని తెచ్చింది. 2007లో విండోస్ విస్టాకి, 2011లో ఆండ్రాయిడ్ 4.0కి వచ్చింది.

మరి విండోస్ 7లోనూ ఇది ఉంది కదా? ఉంది. కానీ కెర్నెల్లో హాల్ హీప్ అనే చిన్న భాగాన్ని మాత్రం కదపలేదు. అన్ని కంప్యూటర్లలోనూ దానిది ఒకటే అడ్రస్! వాన్నాక్రై తన కోడ్‌ను పెట్టింది సరిగ్గా అక్కడే. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ ఆ అడ్రస్‌ను కూడా మార్చడం మొదలుపెట్టింది.

"అంటే గల్లా జరిపి, బీరువా అక్కడే వదిలేశారన్నమాట" అన్నాడు బాబాయి. అంతే మరి!

ఇంకో మాట. అసలు లోపాన్ని సరిచేసే అప్‌డేట్ ఆ ఏడాది మార్చి 14నే వచ్చింది. వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. విండోస్ 7కి మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఆ సాయంత్రమే లెక్కలన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, పాత సిస్టమ్‌కి నెట్ పీకేశాం.

మీ ఫోన్ సంగతేంటి? ఆండ్రాయిడ్‌లో యాప్‌లన్నీ జైగోట్ అనే ఒకే ప్రాసెస్ నుంచి పుడతాయి. అందుకే సిస్టమ్ లైబ్రరీల అడ్రస్‌లు ఫోన్ రీస్టార్ట్ చేస్తేగానీ మారవు. అప్‌డేట్ వస్తే "తర్వాత చూద్దాం" అనకండి. అప్పుడప్పుడూ ఫోన్ ఆపి ఆన్ చేయండి. మీ గల్లాపెట్టె మూల మారుతుంది.