‘కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్’: అర్థం, పుట్టుక, వాడుక

1. పరిచయం

ఆంగ్ల పత్రికలు చదివేటప్పుడు, వార్తా చర్చలు వినేటప్పుడు ‘కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్’ అనే మాట మీకు ఎదురై ఉంటుంది. స్పేడ్ అంటే మట్టి తవ్వే పార. అయితే ‘పారను పార అనడం’ అని మాటకు మాట పెట్టి అనువదిస్తే తెలుగులో భావం స్ఫురించదు. విడివిడి పదాల అర్థాలు కలిపినా అందని ప్రత్యేకార్థాన్ని ఇచ్చే పదబంధాన్ని జాతీయం అంటాం. ఇది అటువంటి జాతీయం. దీని అర్థాన్నీ పుట్టుకనూ, వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తనూ ఇప్పుడు తెలుసుకుందాం.

2. అర్థం

వినేవారికి కష్టంగా ఉన్నా సరే, విషయాన్ని దాని అసలు పేరుతోనే చెప్పడం ఈ జాతీయానికి అర్థం. తెలుగులో ‘ఉన్నది ఉన్నట్టు చెప్పడం’, ‘కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం’ దీనికి దగ్గరగా ఉంటాయి.

అబద్ధం ఆడకపోవడం ఒక్కటే ఇక్కడ చాలదన్నది మీరు గమనించాలి. ఒక కర్మాగారం యాజమాన్యం ‘సిబ్బంది సర్దుబాటు’ చేస్తున్నామని ప్రకటించిందనుకోండి. అందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కాని రేపటి నుంచి పని ఉండదన్న సంగతి కార్మికుడికి ఆ మాటలో కనిపించదు. ‘ఇది ఉద్యోగాల తొలగింపు’ అని కార్మిక నాయకుడు అంటే, అతడు స్పేడ్‌ను స్పేడ్ అన్నట్టు.

3. పుట్టుక

ఈ జాతీయం మూలాలు ప్రాచీన గ్రీకు భాషలో ఉన్నాయి. అత్తిపండును అత్తిపండు అని, తొట్టిని తొట్టి అని పిలవడం గ్రీకుల నానుడి. గ్రీకు రచయిత ప్లూటార్క్ ఈ సందర్భంలో ఒక సంఘటన చెప్పాడు. ఒలింథస్ అనే నగరానికి చెందిన కొందరు సొంత ఊరికి ద్రోహం చేసి, మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ పక్షం చేరారు. రాజు మనుషులు తమను ద్రోహులని పిలుస్తున్నారని వారు ఆయనతో మొరపెట్టుకున్నారు. మాసిడోనియావారు మోటు మనుషులని, తొట్టిని తొట్టి అనే అంటారని ఫిలిప్ బదులిచ్చాడట.

మరి తొట్టి పార ఎలా అయింది? 16వ శతాబ్దంలో డచ్చి పండితుడు ఎరాస్మస్ ఈ మాటను లాటిన్‌లోకి తెచ్చినప్పుడు, తొట్టి అనే అర్థమున్న గ్రీకు పదానికి బదులు తవ్వే పనిముట్టును సూచించే పదం వాడాడు. గ్రీకులో ఆ రెండు పదాలూ దగ్గరగా ఉంటాయి కనుక పొరబడి ఉంటాడని పలువురి అభిప్రాయం. 1542లో నికొలస్ ఉడాల్ ఎరాస్మస్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదిస్తూ ‘స్పేడ్’ అన్నాడు. దేన్నైనా సరైన పేరుతో పిలవాలని చెప్పే జాతీయమే ఇలా పేరు మారి స్థిరపడింది!

4. వాడుకలో జాగ్రత్త

పేకముక్కల్లోని నల్ల గుర్తును కూడా ఆంగ్లంలో స్పేడ్ అంటారు. మన ‘ఇస్పేటు’ అదే. ఆ నలుపును బట్టి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలో నల్లజాతివారిని కించపరచడానికి ఈ పదాన్ని వాడసాగారు. మన జాతీయం అంతకు సుమారు నాలుగు వందల ఏళ్ల ముందే ఆంగ్లంలో ఉంది. దానికీ ఆ దూషణకూ పుట్టుకలో సంబంధం లేదు. అయినా వినేవారికి ఆ దూషణ గుర్తుకు రావచ్చు. అందుకే చాలామంది ఇప్పుడు దీన్ని వాడడం మానుకుంటున్నారు. ముఖ్యంగా అమెరికన్లతో మాట్లాడేటప్పుడు ‘స్పీక్ ప్లెయిన్‌లీ’ వంటి మాట వాడడం మంచిది.

మరొక సంగతి. ఎదుటివారిని దూషించి, ‘నేను స్పేడ్‌ను స్పేడే అంటాను’ అని సమర్థించుకునేవారు ఉంటారు. దూషణ మాట్లాడేవారి కోపాన్ని చెబుతుందే తప్ప, విషయానికి దాని అసలు పేరు పెట్టదు. ఫిలిప్ కథలో ‘ద్రోహి’ అన్న మాట మోటుదే. అయితే అది వారు చేసిన పనికి తగిన పేరు. ఈ జాతీయం మెచ్చుకునే నిజాయితీ అటువంటిది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. అబద్ధం ఆడకపోవడానికీ, స్పేడ్‌ను స్పేడ్ అనడానికీ గల భేదాన్ని సొంత ఉదాహరణతో వివరించండి.
2. గ్రీకు ‘తొట్టి’ ఆంగ్లంలో ‘పార’గా మారిన క్రమాన్ని తెలపండి.