సంతకాలు లేని సంధి

పాచికలుండవు, పేకముక్కలుండవు. ఇచ్చిన మాట ఒక్కటే పెట్టుబడి. డెబ్బై ఏళ్లుగా స్నేహితుల మధ్య చిచ్చు పెడుతున్న ‘డిప్లొమసీ’ ఆట పొత్తులు ఎందుకు నిలుస్తాయో, ఎందుకు కూలుతాయో కూడా చెబుతుంది.

బల్ల మీద 1901 నాటి యూరప్ పటం. చుట్టూ ఏడుగురు. గడువు పావుగంట. ఇద్దరు వరండాలోకి నడుస్తారు. మరో ఇద్దరు మంచినీళ్ల వంకతో వంటింట్లోకి చేరతారు. ఒకరు మెట్ల మీద కూర్చుని మూడోవాడి కోసం ఎదురుచూస్తుంటారు. గడువు ముగియగానే అందరూ తిరిగొచ్చి, ఎవరి సైన్యం ఎటు కదలాలో చీటీ మీద రాసి మడత పెడతారు. ఆ తర్వాత చీటీలన్నీ ఒకేసారి విప్పి చదువుతారు. ఆ నిమిషంలో ఎవరో ఒకరి మొహం పాలిపోతుంది. వరండాలో తనకు మాట ఇచ్చిన మనిషి చీటీలో వేరే మాట రాసి ఉంటుంది.

ఇదీ ‘డిప్లొమసీ’ ఆట. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ, రష్యా, టర్కీ - ఏడు రాజ్యాలు, ఏడుగురు ఆటగాళ్లు. రష్యాకు నాలుగు దళాలు, మిగతా అందరికీ మూడేసి. పటంలో 34 సరఫరా కేంద్రాలుంటాయి. వాటిలో 18 చేజిక్కించుకున్నవాడు విజేత. అదృష్టానికి ఇందులో చోటు లేదు, ఎవరికి ఏ రాజ్యం దక్కుతుందన్న ఒక్క విషయంలో తప్ప. ఇద్దరి బలం సమానమైతే ఎవరూ కదలరు. ఎదుటివాణ్ని తొలగించాలంటే కనీసం మరో దళం మద్దతు కావాలి. సొంత దళాలు మూడే కాబట్టి ఆ మద్దతు పక్కవాడు ఇవ్వాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఒంటరిగా ఎవరూ గెలవలేరు. చివరికి గెలుపు మాత్రం ఒక్కరిదే. ఎన్ని ఒప్పందాలైనా చేసుకోవచ్చు, ఏ ఒప్పందానికీ కట్టుబడనక్కర్లేదు.

మాట తప్పి మిత్రుడి మీద పడటాన్ని ఈ ఆటగాళ్లు ముద్దుగా ‘స్టాబ్’ అంటారు. తెలుగులో దీనికి కొత్త మాట వెతుక్కునే పని లేదు. 1995 ఆగస్టులో ఎన్టీ రామారావు పదవి కోల్పోయిన నాటి నుంచి ‘వెన్నుపోటు’ తెలుగు రాజకీయ నిఘంటువులో స్థిరపడిపోయింది. నాటి ఘటనను ఒక వర్గం నేటికీ ఆ పేరుతోనే పిలుస్తుంది. మరో వర్గం పార్టీని కాపాడుకోవడం అంటుంది. ఆ వాదన తేలేది కాదు. అయితే ఈ ఆట వేసే ప్రశ్న వేరు. పొడిచినవాడు మంచివాడా, చెడ్డవాడా అని అది అడగదు. పొడవడానికి వీలైన పరిస్థితి ఎలా ఏర్పడిందని అడుగుతుంది.

పోస్ట్‌మ్యాన్ బుర్రలో పుట్టిన యుద్ధం

ఈ ఆటను రూపొందించిన అలన్ కాల్హామర్ దౌత్యవేత్త కాదు. చిన్నతనంలో ఇంటి అటక మీద దొరికిన పాత భూగోళ పుస్తకంలో అప్పటికే అదృశ్యమైన రాజ్యాలను చూసి ఆశ్చర్యపోయిన అమెరికన్ కుర్రాడు. హార్వర్డ్‌లో చదువుకునేటప్పుడు మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన కారణాలపై సిడ్నీ ఫే రాసిన గ్రంథం ఆయన్ను పట్టుకుంది. 1954 నాటికి ఆట సిద్ధమైంది. కంపెనీలు వద్దన్నాయి. 1959లో సొంత ఖర్చుతో 500 ప్రతులు అచ్చు వేయించుకున్నారు. తర్వాత అది ప్రపంచమంతా పాకినా కాల్హామర్ జీవిక మాత్రం షికాగో శివారులో ఇంటింటికీ ఉత్తరాలు పంచడం. 2013లో ఆయన కన్నుమూశారు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ, విదేశాంగ మంత్రి కిసింజర్ ఈ ఆటను ఇష్టపడేవారని చెబుతారు.

భారతీయ పాఠకుడికి దీని తర్కం కొత్తగా ఉండదు. పొరుగు రాజు సహజ శత్రువు, వాడికి అవతలి పొరుగువాడు సహజ మిత్రుడు అన్న కౌటిల్యుడి మండల సిద్ధాంతం ఈ పటం మీద అక్షరాలా కనిపిస్తుంది. ఒకరితో సంధి, మరొకరితో విగ్రహం ఏకకాలంలో నడిపే ‘ద్వైధీభావం’ అర్థశాస్త్రం చెప్పిన ఆరు గుణాల్లో ఒకటి. ‘డిప్లొమసీ’లో ప్రతి ఆటగాడూ చేసేది అదే. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో మిత్రలాభం తర్వాత మిత్రభేదం చదువుకున్న తరాలకు ఈ క్రమం కూడా పరిచితమే.

చరిత్రలో జరిగిందే

ఆట మొదలయ్యేటప్పటికి వేర్వేరు రాజ్యాల సొంత కేంద్రాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేది పటం మొత్తం మీద ఒక్క చోటే. అటు ఇటలీ వారి వెనిస్, ఇటు ఆస్ట్రియా వారి ట్రియెస్టె. అందుకే ఈ ఇద్దరూ తొలి ఏడాదిలోనే తేల్చుకోవాలి: పరస్పరం నమ్మి చెరో దిక్కుకు విస్తరించడమా, గుమ్మంలోనే కొట్టుకోవడమా?

కాల్హామర్ దీన్ని గాలిలోంచి తేలేదు. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీలతో ఇటలీకి సైనిక కూటమి ఉండేది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే, కూటమి ఆత్మరక్షణకే గానీ దాడికి కాదంటూ ఇటలీ తటస్థంగా ఉండిపోయింది. 1915 ఏప్రిల్ 26న లండన్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలతో రహస్య ఒప్పందం కుదుర్చుకుంది. ట్రియెస్టె, దక్షిణ టిరోల్, డాల్మేషియా తీరంలో కొంత భాగం అందుకు ప్రతిఫలం. నెల తిరక్కుండా, మే 23న, పాత మిత్రుడు ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది.

దక్కిందేమిటి? ట్రియెస్టె దక్కింది. డాల్మేషియాలో చాలా భాగం దక్కలేదు. సుమారు 6 లక్షల మంది సైనికులు పోయారు. గెలిచీ మోసపోయామన్న ఉక్రోషం ఇటలీని కమ్మేసింది. ముస్సోలినీ ఎదుగుదలకు అదీ ఒక మెట్టు అయింది. ఆట పటం మీద కనిపించని లెక్క ఇంకొకటుంది. ఈ ఏడు రాజ్యాల పొత్తులూ పగల కోసం భారత్ నుంచి 10 లక్షలకు పైగా సైనికులు, సహాయకులు సముద్రం దాటి వెళ్లారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. ఆట పటం తూర్పున సిరియా, ఆర్మేనియాల దగ్గర ముగిసిపోతుంది. అందులో ఇండియా లేదు. చీటీ రాసేవాడు వేరు, దాని ఖరీదు చెల్లించేవాడు వేరు.

హాస్టల్ గదిలో ట్రియెస్టె

ఈ విషయంలో ఈ విలేఖరికి స్వానుభవం ఉంది. పీజీ రోజుల్లో హాస్టల్లో ఏడుగురం ప్రింటు తీసుకున్న పటం పరిచి కూర్చున్నాం. చింతపిక్కలు పదాతి దళాలు, గవ్వలు నౌకాదళాలు. ఆస్ట్రియా నా వంతుకు వచ్చింది, ఇటలీ నా రూమ్మేటు వంతుకు. ఇద్దరం కలిసి టర్కీని పడగొట్టాలని ఒప్పందం. ఈ ఎత్తుగడకు ఆటగాళ్లు పెట్టుకున్న పేరు ‘లెపాంటో’. వాడి నౌకలు తూర్పుకు కదిలాయి. నా దళాలన్నీ బాల్కన్లకు వెళ్లాయి. ట్రియెస్టెను ఖాళీగా వదిలేశాను. కాపలా ఎందుకు? అవతల ఉన్నది నా రూమ్మేటే కదా.

1902 శరదృతువు చీటీల్లో వాడిది చివరగా విప్పారు: “వెనిస్ సైన్యం, ట్రియెస్టెకు.”

“ఏంట్రా ఇది?” అన్నాను.

“నీ ట్రియెస్టె ఖాళీగా ఉంది మామా. నేను కాకపోతే ఇంకొకడు,” అన్నాడు.

మరుసటి ఏడాది వియన్నా పోయింది. బుడాపెస్ట్‌ను రష్యా మింగింది. నా ఆట ముగిసింది. అయితే వాడూ బాగుపడలేదు. మా ఇద్దరి దళాలూ ఆస్ట్రియాలో కొట్టుకుంటున్నంత సేపూ టర్కీ నిమ్మళంగా గ్రీసు తీసుకుంది, సముద్రంలోకి దిగింది. రెండు మూడు గంటలు గడిచేసరికి దాని గవ్వలు నేపుల్స్‌లో ఉన్నాయి. వారం రోజులు మేమిద్దరం మెస్‌లో వేర్వేరు బల్లల దగ్గర తిన్నాం.

అప్పట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ పావుగంటలోనే నేనూ టర్కీని కలిశాను. ఇటలీ నౌకలు తూర్పున ఇరుక్కున్నాక, మరుసటి ఏడాది తప్పుకుంటానని మాటిచ్చి వచ్చాను. వాడు నాకంటే ఒక ఏడాది ముందు పొడిచాడు, అంతే. నేను నమ్మకమనుకున్నది కాస్త బద్ధకం, కాస్త కపటం.

ఇలాంటి ఆటల సంభాషణలను కార్నెల్ తదితర విశ్వవిద్యాలయాల పరిశోధకులు కంప్యూటర్‌తో జల్లెడ పట్టి 2015లో ఫలితాలు ప్రచురించారు. పోటుకు ముందు, పొడవబోయేవాడి మాటల్లో మర్యాద పెరుగుతుందట. బలి కాబోయేవాడు మాత్రం భవిష్యత్ ప్రణాళికల గురించి ఎక్కువగా మాట్లాడుతుంటాడట. మా గదిలోనూ వచ్చే ఏడాది గురించి ఎక్కువ మాట్లాడింది నేనే.

కందకాల్లో మరో ఒప్పందం

మరి పొత్తును నిలబెట్టేది ఏమిటి? దీనికి జవాబు అదే యుద్ధంలో, అదీ శత్రువుల మధ్య దొరకడం విచిత్రం. పశ్చిమ రంగంలో నెలల తరబడి ఎదురెదురు కందకాల్లో ఉన్న సైనికులు చాలాచోట్ల ఒకరినొకరు చంపుకోవడం మానేశారు. భోజన వేళ కాల్చరు. గుండ్లు రోజూ ఒకే సమయానికి, ఒకే చోట పడతాయి. సంతకాలు లేవు, మాటల్లేవు. “మీరు కాల్చకపోతే మేమూ కాల్చం” అన్న అవగాహన ఉంది. సామాజిక శాస్త్రవేత్త టోనీ ఆష్‌వర్త్ నమోదు చేసిన ఈ వ్యవస్థను అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984 నాటి తన గ్రంథంలో విశ్లేషించారు. అంతకు ముందు ఆయన కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీలు పెట్టారు. రెండుసార్లూ గెలిచింది అనతోల్ రాపోపోర్ట్ పంపిన అతి సరళమైన వ్యూహం: మొదట సహకరించు, ఆ తర్వాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేస్తే అదే చెయ్యి.

దీని సారాంశం ఒక్కటే. రేపు మళ్లీ ఇదే మనిషితో పనిపడుతుందని తెలిసినప్పుడు సహకారం నిలుస్తుంది. ఎదుటి కందకంలో దళం మారితే అవగాహన మళ్లీ మొదటికి వచ్చేది. పైఅధికారులు దాడులను తప్పనిసరి చేసి చివరికి దాన్ని తుడిచిపెట్టారు. స్నేహం లేకపోయినా రేపు ఉంది కాబట్టి శత్రువులు మాట నిలుపుకున్నారు. ‘డిప్లొమసీ’ ఆటకు చివరి ఏడాది ఒకటుంటుంది. అందుకే అక్కడ స్నేహితులు కూడా నిలుపుకోలేరు.

ఢిల్లీ లెక్కలు

మన సంకీర్ణాల చరిత్రను ఈ కళ్లజోడుతో చూస్తే కొన్ని పతనాలు ఆశ్చర్యం కలిగించవు. 1979 జులైలో చరణ్ సింగ్, 1990 నవంబర్‌లో చంద్రశేఖర్, 1996-97లో దేవెగౌడ, గుజ్రాల్ - నలుగురూ కాంగ్రెస్ బయటి నుంచి ఇచ్చిన మద్దతు మీద ప్రధానులయ్యారు. ఎవరూ ఏడాది పూర్తి చేయలేదు. చరణ్ సింగ్ లోక్‌సభ ముఖం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. మద్దతు ఇచ్చిన పార్టీకి ఆ ప్రభుత్వాల్లో వాటా లేదు. అవి నిలిస్తే వచ్చే లాభమూ లేదు. అంటే నలుగురి ట్రియెస్టె కూడా ఖాళీగానే ఉంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో ఒక్క ఓటు తేడాతో కూలినప్పుడు, అన్నా డీఎంకేను మంత్రివర్గంలో వాటా కూడా ఆపలేకపోయింది. వాటా ఉన్నంత మాత్రాన చాలదు, రేపు దాని విలువ పెరుగుతుందన్న ఆశ కూడా ఉండాలి.

అయితే రాజకీయం బల్ల మీది ఆటలాంటిది కాదు. దానికి చివరి చీటీ అంటూ ఉండదు. 2018 మార్చిలో ప్రత్యేక హోదా అంశంపై ఎన్డీయే నుంచి బయటికొచ్చిన తెలుగుదేశం 2024 మార్చిలో మళ్లీ అదే కూటమిలో చేరింది. బీజేపీ 240 స్థానాల దగ్గర ఆగిపోవడంతో టీడీపీ 16 మంది ఎంపీలు జూన్ నాటికి కేంద్ర ప్రభుత్వానికి అవసరమయ్యారు. ఆరేళ్ల కిందట ఇరువైపులా అన్న మాటలు ఎవరూ మర్చిపోలేదు. గుర్తుంచుకుంటూనే కలిశారు. దీన్ని అవకాశవాదమనే వారున్నారు. కందకాల్లోని సైనికుడైతే ఇందులో వింత చూడకపోవచ్చు.

యంత్రం కూడా మాట తప్పింది

2022 నవంబర్‌లో మెటా సంస్థ ‘సిసెరో’ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామును ఈ ఆటలోకి దింపింది. పేరు చెప్పకుండా 40 ఆటల్లో మనుషులతో మంతనాలాడిన సిసెరో, ఒకటికి మించి ఆటలు ఆడినవారిలో పైనుంచి 10 శాతంలో నిలిచింది. దాన్ని చాలా వరకు నిజాయితీగా ఉండేలా తయారుచేశామని రూపకర్తలు చెప్పారు. 2024లో కొందరు పరిశోధకులు అచ్చయిన సంభాషణలనే తిరగేసి, అది ముందే పన్నాగం పన్ని బ్రిటన్‌ను బోల్తా కొట్టించిన సందర్భాన్ని ఎత్తి చూపారు. దానికి ద్వేషం లేదు, దురాశ లేదు. గెలవాలన్న లక్ష్యం ఉంది, తర్వాత ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని ఆట ఉంది. పోటుకు ఆ రెండూ సరిపోయాయి.

అందువల్ల మళ్లీ ఎన్నికలొచ్చి, నాయకులు చేతులు పైకెత్తి కలిపి ఫొటో దిగినప్పుడు, వారి నవ్వుల్లో నిజమెంతో తూచడం వృథా ప్రయాస. చూడవలసినవి రెండే: వచ్చే ఏడాది ఎవరికి ఎవరితో పనుంది? ఎవరి ట్రియెస్టె ఖాళీగా ఉంది?