రాత్రి పక్కన ఎవరు కూర్చోవాలి?

మామగారు ఆసుపత్రిలో చేరితే రాత్రి తోడుకి ఇంట్లో వంతులు వేసుకుంటాం కదండీ! స్పెయిన్‌లోనూ అదే ఆనవాయితీ. నర్సులు మందులిస్తారు, పక్కన కూర్చునేది మాత్రం ఇంటివాళ్లే.

చలికి తాళలేక ఇంగ్లండు నుంచి వచ్చి, అక్కడి పల్లెల్లో ఇల్లు కొనుక్కున్న పెద్దవాళ్లకు చిక్కు ఇక్కడే. ఖర్చుకి దిగులు లేదు. ఎస్‌1 ఫారం నమోదు చేయించుకున్న పింఛనుదారుల వైద్యం ఖర్చు బ్రిటన్ ప్రభుత్వమే భరిస్తుంది. 2020లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక కూడా ఆ సదుపాయం పోలేదు.

కానీ పిల్లలేరీ? చిన్న పల్లెలకు డాక్టరు వారంలో కొన్ని రోజులే వస్తాడు. కారు నడిపే భర్తే మంచాన పడితే? 112కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, సరే. కూరగాయలు కొనేంత భాషతో నొప్పి ఎలాంటిదో చెప్పగలరా?

అందుకే ముందుచూపున్న ఇల్లాలు వాడే మందులూ, పడని మందులూ స్పానిష్‌లో రాయించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటుంది. పక్కింటావిడ దగ్గర ఒక తాళంచెవి ఉంచుతుంది.